బహుజన వీరుడు సర్వాయి పాపన్న – ఖిలాషాపూర్ కోట

కాగజ్‌నగర్‌లో సికింద్రాబాద్ రైలెక్కితే కాజీపేట దాటాక ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు, భువనగిరి స్టేషన్లు వరుసగా వస్తాయి. కౌన్సెలింగ్‌కో, కోచింగ్‌కో, ఇంటర్వ్యూకో మన హాస్టల్ నుంచి హైదరాబాద్ పోయిన ప్రతి ఒక్కరూ ఈ దారినే పోయారు. కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటూ మనం దాటేసే ఆ కాస్త దూరంలోనే, మూడు వందల ఏళ్ళ కింద ఒక కల్లుగీత ఇంటి పిల్లవాడు ఢిల్లీ పాదుషా సుబేదార్లకు కంటి మీద కునుకు లేకుండా చేశాడు. ఆయనే సర్వాయి పాపన్న.

పాపన్న పేరు మనకు కొత్త కాదు. ఊరూరా విగ్రహాలున్నాయి. ఆగస్టు 18న జయంతి జరుపుకుంటున్నాం. 2022 నుంచి ప్రభుత్వమే అధికారికంగా జరుపుతోంది. అయితే దండ వేసి దిగివచ్చే మనలో ఆయన ఏం చేశాడో, ఎట్లా చనిపోయాడో చెప్పగలిగేవాళ్ళు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో పాపన్న జీవితాన్ని ఆయన కట్టిన కోటతో కలిపి చెప్పాలనుకున్నాం. ఆయన రాసిన ఉత్తరం ఒక్కటీ మనకు దొరకదు. ఆయన చేతి నుంచి మిగిలింది ఆ కోటే.

మిగతా కథ మనకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మొగల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ పారశీకంలో రాసింది. ఆయన కొలువు మనిషి. ఆయన లెక్కలో పాపన్న పచ్చి దొంగ. రెండోది మన పల్లెల్లో పాడుకున్న పాట. జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి ఆ పాటను 1874లో అచ్చులోకి తెచ్చాడు. అందులో పాపన్న వీరుడు. దొర రాసిన కాగితం ఒక దిక్కు, కూలి జనం పాడిన పాట ఇంకో దిక్కు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే పని 1980లో వెల్చేరు నారాయణరావు, జె.ఎఫ్. రిచర్డ్స్ చేశారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్ర మీద రాసిన పుస్తకంలో పాపన్నకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఎనిమిది మంది జీవితాలతో రాసిన ఆ పుస్తకంలో రాజులు, సేనానులు, సూఫీలు ఉన్నారు. వాళ్ళ పక్కన మన గీత కార్మికుడు కూర్చున్నాడు.

పాపన్న 1650లో పుట్టాడని, తల్లి పేరు సర్వమ్మ అని, చిన్నప్పుడే తండ్రి పోతే తల్లే సాకిందని మన జనం చెప్పుకుంటారు. ఇంటి వృత్తి కల్లుగీత. మోకు, ముస్తాదు వేసుకుని తాడిచెట్టు ఎక్కే పని ఎంత ప్రాణాంతకమో గీత ఇళ్ళ నుంచి వచ్చిన మన తమ్ముళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చెట్టు మీద ప్రాణం పెట్టి దించిన కల్లు మీద పన్ను, కిందికి దిగాక చిన్నచూపు. పాటలోని పాపన్నకు కులవృత్తిలో కుదురుకోవడం ఇష్టం లేదు. ఇంటి దగ్గర పడిఉండమంటే ఒప్పుకోడు. కత్తి పట్టి కోటలు కొట్టాలంటాడు.

ఆ కాలం ఎట్లాంటిదో కూడా చూడాలి. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. కుతుబ్‌షాహీల రాజ్యం మొగలుల హైదరాబాద్ సుబా అయిపోయింది. పైన దొరలు మారారు, కింద వసూళ్ళు ఆగలేదు. పాత రాజ్యంలో కొలువులున్నవాళ్ళు రోడ్డున పడ్డారు. కొత్త అధికారులు వచ్చారు గానీ ఊళ్ళ మీద వాళ్ళకు పట్టు చిక్కలేదు. ఔరంగజేబు తన సైన్యమంతా మరాఠాల మీద పెట్టాడు కాబట్టి తెలంగాణలో మిగిలిన ఫౌజు పలచన. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు సరుకు బండ్లు, ఎద్దుల మందలు పోయే బాటకు కాపలా కరువైంది. పాపన్న కత్తి పట్టింది సరిగ్గా ఇట్లాంటి కాలంలో.

ఖాఫీఖాన్ చెప్పేదాని ప్రకారం పాపన్న మొదటి దోపిడీ సొంత అక్కచెల్లెలి ఇంట్లోనే జరిగింది. భర్త పోయిన ఆమె దగ్గర డబ్బు, నగలు ఉంటే అనుచరులతో పోయి లాక్కున్నాడట. శత్రువు రాసిన మాట కాబట్టి అనుమానించవచ్చు. కానీ మనకు నచ్చనిదంతా అబద్ధమని కొట్టేస్తే అది చరిత్ర చదవడం కాదు. ఆ డబ్బుతోనే మనుషుల్ని కూడగట్టి తారికొండ అనే గుట్ట మీద చిన్న కోట కట్టాడు. ఘన్‌పూర్ దగ్గరి తాటికొండే అది అని ఆ ప్రాంతం వాళ్ళంటారు. అక్కడి నుంచి పెద్దబాట మీద షావుకార్ల బండ్లు కొట్టడం మొదలైంది. ఫౌజుదార్లు, చుట్టుపక్కల జమీందార్లు కలిసి తరిమితే పాపన్న పడమటి దిక్కున కౌలాస్‌కు చేరి అక్కడి జమీందారు వెంకటరావు కొలువులో జమాదారుగా కుదిరాడు. ఆ కౌలాస్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది.

కొలువులో ఎన్నాళ్ళో నిలవలేదు. అక్కడా దారి దోపిడీ మొదలుపెట్టడంతో వెంకటరావు పట్టి ఖైదులో వేశాడు. కొన్ని నెలల తర్వాత వెంకటరావు కొడుక్కు జబ్బు చేసింది. ఖైదీలను వదిలిపెడితే పుణ్యం వస్తుంది, పిల్లవాడు బతుకుతాడని ఆ ఇంటి ఇల్లాలు ఖైదీలందరినీ వదిలేయించింది. ఒక తల్లి భయం పాపన్న సంకెళ్ళు తెంచింది. చరిత్రలో ఇట్లాంటి చిన్న సంగతులే మాకు ఎక్కువ గుర్తుండిపోతాయి.

బయటపడ్డ పాపన్న షాపూర్ చేరాడు. ఇప్పుడు జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలో ఉన్న ఖిలాషాపూర్ అదే. అక్కడ సర్వ అనే తోటివాడితో కలిసి మళ్ళీ దండు కట్టాడు. ఆ దండులో ఎవరెవరున్నారో పాట చెబుతుంది. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి ఉన్నారు. ఎరుకలి ఉన్నాడు. దూదేకుల మనిషి ఉన్నాడు. తురక సర్దార్లున్నారు. ఆ పేర్లు వరుసగా చదువుతుంటే మన హాస్టల్‌లో రాత్రి అటెండెన్స్ పిలుస్తున్నట్టే ఉంటుంది. పాపన్నది హిందువులు ముస్లింల మీద చేసిన యుద్ధమని ఈ మధ్య కొందరు చెబుతున్నారు. దండులో ఉన్నవాళ్ళ పేర్లు చూస్తే ఆ మాట నిలబడదు. ఆయన కొట్టింది ఉన్నవాళ్ళను. వాళ్ళలో సాహెబులూ ఉన్నారు, షావుకార్లూ ఉన్నారు. ఆయన్ని పట్టడానికి మొగల్ ఫౌజుతో కలిసి వచ్చినవాళ్ళలో హిందూ జమీందార్లే వేల మందిని తెచ్చారు.

1702 నాటికి ఫిర్యాదులు హైదరాబాద్ చేరాయి. అక్కడి నాయబ్ సుబేదార్ రుస్తుం దిల్ ఖాన్ కొలనుపాక ఫౌజుదార్ ఖాసిం ఖాన్‌ను పంపాడు. ఆ పోరులో ఖాసిం ఖానే చనిపోయాడు. దాంతో రుస్తుం దిల్ ఖాన్ తానే దండెత్తి వచ్చి షాపూర్‌ను రెండు నెలలు చుట్టుముట్టాడు. పాపన్న, సర్వ తప్పించుకున్నారు. మొగలులు ఖాళీ కోటను మందు పెట్టి పేల్చేసి పోయారు.

వాళ్ళు అటు వెళ్ళగానే పాపన్న ఇటు వచ్చాడు. ఈసారి రాయీ సున్నంతో కోట కట్టించాడు. పైన ఫిరంగులు బిగించాడు. ఇప్పుడు మనం చూసేది ఆ కోట శిథిలాన్నే.

గోల్కొండనో ఓరుగల్లునో తలచుకుని ఖిలాషాపూర్ వెళ్తే ఇంతేనా అనిపిస్తుంది. అది గుట్ట మీది కోట కాదు, ఊరి నేల మీదే నిలబడింది. చదరంగా లేచిన కట్టడం, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు. వైశాల్యం తక్కువ, ఎత్తు ఎక్కువ. కోట అనే కన్నా ఎత్తైన గడీ అంటే బాగా సరిపోతుంది. మన దగ్గర సిర్పూర్‌లో గోండు రాజుల కోట చూసినవాళ్ళకు తేడా వెంటనే తెలుస్తుంది. సిర్పూర్ కోట రాజులు పాలించిన చోటు. ఖిలాషాపూర్ ఒక దళం తలదాచుకునే చోటు. దూరదేశమైన ఐర్లండ్‌లో కూడా 15, 16 శతాబ్దాల్లో చిన్న చిన్న దొరలు ఇట్లాగే నాలుగైదంతస్తుల ఇరుకైన రాతి ఇళ్ళు కట్టుకున్నారు. గోడలు లావు, కిటికీలు సన్నం, వాకిలి ఒక్కటే. పెద్ద రాజు అండ లేనివాడు ఏ దేశంలోనైనా ఇట్లాగే కట్టుకుంటాడు. పెద్ద ప్రాకారం కట్టవచ్చు, కానీ దాని చుట్టూ నిలబెట్టడానికి మనుషులుండాలి గదా! కొద్దిమందితో కాపాడుకోవాలంటే కోట చిన్నగా, ఎత్తుగా ఉండాలి.

బురుజు గుండ్రంగా ఎందుకుంటుందో హాస్టల్ తమ్ముళ్ళ కోసం చెబుతాం. గోడ మూల పలకగా ఉంటే ఫిరంగి గుండు తగలగానే మూల రాళ్ళు ఊడిపోతాయి. గుండ్రంగా ఉంటే గుండు జారిపోతుంది. పైగా బురుజు గోడకన్నా ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి, గోడకు నిచ్చెన వేసేవాణ్ణి పక్క నుంచి కాల్చవచ్చు. నాలుగు మూలలా నాలుగు బురుజులుంటే గోడ కింద దాక్కునే జాగా ఉండదు. సున్నం కథ వేరే. మన్నుగోడను వానలు తింటాయి, కింద తవ్వి మందు పెడితే కుప్పకూలుతుంది. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి రాళ్ళ మధ్య పోస్తే ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. మొదటి కోటను పేల్చేశారు కాబట్టే రెండో కోట రాయితో లేచింది. పాపన్నకు చదువు చెప్పినవాళ్ళు లేరు. ఆ పేలుడే ఆయనకు పాఠం.

ఈ రెండో కోట కాలంలోనే సర్వ చనిపోయాడు. పుర్దిల్ ఖాన్ అనే మరో సర్దారుకూ అతనికీ తగాదా వచ్చి ఇద్దరూ కత్తులు దూశారు. ఇద్దరూ బతకలేదు. పగ్గాలన్నీ పాపన్న చేతికొచ్చాయి. రుస్తుం దిల్ ఖాన్ మళ్ళీ వచ్చాడు గానీ ఈసారి డబ్బు మూటలు తీసుకుని తిరిగి వెళ్ళిపోయాడు. లంచం మన కాలంలోనే పుట్టిందనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు గద్దె కోసం కొట్టుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న చిన్న కొడుకు కాంబక్ష్ తానే పాదుషానన్నాడు. ఈ గందరగోళంలో పాపన్న తన జీవితంలోకెల్లా పెద్ద సాహసం చేశాడు. 1708 మార్చి 31 రాత్రి, తెల్లారితే మొహర్రం పదో రోజు. ఊరంతా పీర్ల సంబరంలో ఉండగా రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో వరంగల్ మీద పడ్డాడు. కొందరు బాటలు అడ్డగించారు, కొందరు తాళ్ళ నిచ్చెనలతో గోడలెక్కారు. రెండు మూడు రోజులు నగరాన్ని దోచారు. డబ్బు, బట్టలు, వరంగల్ నేతగాళ్ళు నేసిన తివాచీలు షాపూర్‌కు చేరాయి. రెండు నెలలు గడిచాయో లేదో, జూన్ 1న, ప్రవక్త పుట్టినరోజు పండుగ నాడు భువనగిరి మీద పడ్డాడు. అక్కడ గుట్ట మీది కోట చిక్కలేదు గానీ కింది ఊరు దొరికింది.

ఈ రెండు చోట్లా పాపన్న సొమ్ముతో పాటు మనుషుల్నీ పట్టుకుపోయాడు. పెద్దింటి ఆడవాళ్ళు, పిల్లలు వాళ్ళలో ఉన్నారు. షాపూర్ కోట దగ్గర వాళ్ళను బందీలుగా ఉంచాడు. జయంతి సభల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. మేము చెప్పాలనే అనుకుంటున్నాం. తరతరాలు అణిగి ఉన్నవాడు తిరగబడితే సంతోషిస్తాం. ఆ తిరుగుబాటులో ఏ ఇంటి ఆడకూతురో సంకెళ్ళ పాలైతే అదీ రాసి పెట్టాలి. పైగా పాపన్న పతనం మొదలైంది కూడా ఆ బందీఖానా నుంచే.

దోపిడీ ఒక్కటే ఆయన లక్ష్యమైతే ఇంత రాయనక్కరలేదు. బంజారాల మందల నుంచి పట్టుకున్న పదివేలకు పైగా ఎద్దులను పాపన్న అమ్ముకోలేదు. షాపూర్ చుట్టుపక్కల నాగళ్ళకు కట్టి పొలాలు దున్నించాడు. కోటలో తుపాకులు పోగేశాడు. రాజులాగా ఊరేగాడు. దోచుకుని పారిపోయేవాడు దుక్కి దున్నడు. ఒకచోట స్థిరపడి, నలుగురూ దొర అని పిలవాలనుకున్నవాడే ఆ పని చేస్తాడు.

ఆ కోరిక ఒకసారి తీరినట్టే తీరింది. 1709 జనవరిలో కొత్త పాదుషా బహదూర్‌షా హైదరాబాద్ దగ్గర తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించి దర్బారు తీర్చాడు. పాపన్న పద్నాలుగు లక్షల రూపాయల కానుకతో పాటు సైన్యానికి ధాన్యం, సరుకులు ఇచ్చాడు. పాదుషా ఆయనకు ఖిలత్ కప్పాడు. ఖిలత్ అంటే రాజు తన కొలువులోకి తీసుకున్నట్టు గుర్తుగా ఇచ్చే నిలువుటంగీ. తాడిచెట్టు ఎక్కే కులంలో పుట్టినవాడు హిందుస్థాన్ పాదుషా చేత అంగీ కప్పించుకున్నాడు!

హైదరాబాద్, వరంగల్ పెద్దమనుషులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. షా ఇనాయత్ అనే పేరున్న పెద్దమనిషి కూతురు పాపన్న బందీల్లో ఉంది. ఆయన ముందు నిలబడి మొర పెట్టాడు. ఆ తండ్రి బాధ నిజమైనదే. అయితే ఆ గోలలో ఇంకో మాట కూడా ఉంది. కల్లు దించేవాడికి దర్బారులో మర్యాదేమిటని. ఎందరో జమీందార్లు ఊళ్ళు దోచి, కప్పం కట్టి ఖిలతులు తీసుకున్న కాలమది. వాళ్ళ పుట్టుక గురించి ఎవరూ అడగలేదు. పాదుషా మనసు మార్చుకున్నాడు. కొత్త సుబేదార్ యూసఫ్ ఖాన్‌కు పాపన్నను పట్టమని హుకుం ఇచ్చాడు. యూసఫ్ ఖాన్ ముందు దిలావర్ ఖాన్‌ను ఫౌజుతో పంపాడు.

అదే వేసవిలో పాపన్న పక్క జమీందారు కోటను ముట్టడిస్తూ బయట ఉన్నాడు. షాపూర్ ఖైదులో ఉన్నవాళ్ళలో ఆయన భార్య అన్నదమ్ముడు కూడా ఒకడు. అతను ఫౌజుదారు. ఇంటాయన ఒక దిక్కు, పుట్టింటి రక్తం ఇంకో దిక్కు. ఆ ఇల్లాలు అన్నంలో ఆకురాళ్ళు దాచి పంపింది. అతను వాటితో తన సంకెళ్ళు రాసుకుని, తోటి ఖైదీల సంకెళ్ళూ కోశాడు. అందరూ కలిసి కావలివాళ్ళ మీద పడి కోటను చేజిక్కించుకున్నారు. మందుకూ ఫిరంగులకూ తట్టుకునేలా కట్టిన కోట అన్నం గిన్నె ముందు ఓడిపోయింది. ఆమె పేరు ఎవరూ రాయలేదు. కౌలాస్‌లో ఖైదీలను విడిపించిన ఇల్లాలి పేరూ రాయలేదు. పాపన్నను నిలబెట్టిందీ పడగొట్టిందీ ఆ ఇద్దరే.

సంగతి తెలిసి పాపన్న పరుగున వచ్చాడు. తాను బిగించిన ఫిరంగులే తన మీద పేలాయి. ఈలోగా దిలావర్ ఖాన్ ఫౌజు వచ్చి పడింది. పాపన్న తాటికొండకు జారుకున్నాడు. యూసఫ్ ఖాన్ వేల కొద్దీ గుర్రాలతో, కాల్బలంతో, జమీందార్ల మందలతో గుట్టను చుట్టుముట్టాడు. నెలల తరబడి పాపన్న లొంగలేదు. చివరికి పాపన్నను వదిలి వచ్చినవాళ్ళకు రెట్టింపు జీతం ఇస్తామని చాటించారు. ఆకలితో, మందుగుండు అయిపోయి ఉన్న దండులో చాలామంది దిగి వెళ్ళారు. వాళ్ళను తిట్టే మనసు మాకు లేదు.

1710లో పాపన్న కాలికి గాయంతో, మారువేషంలో ఒంటరిగా తప్పించుకుని హసనాబాద్ అనే ఊరు చేరాడు. మన పాత కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాదే అది అంటారు. ఆ ఊళ్ళో ఒక కల్లు దుకాణంలో కూర్చుని కల్లు అడిగాడు. మాట్లాడే తీరులోని దర్జా చూసి దుకాణదారుకు అనుమానం వచ్చింది. మెల్లగా జారుకుని కబురు పంపాడు. వచ్చినవాడు ఎవరో కాదు, ఆ బావమరిదే. ఏ వృత్తి వద్దనుకుని బయల్దేరాడో ఆ వృత్తివాడి గడప దగ్గరే పాపన్న దొరికిపోయాడు. ముక్కలు ముక్కలుగా నరికి చంపారు. తలను పాదుషాకు పంపి, మొండేన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు.

పాపన్న గోల్కొండ గద్దె మీద కూర్చుని పాలించాడని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. మొగలుల కాగితాల్లో దానికి ఆధారం కనబడదు. అట్లాంటిది నిజంగా జరిగితే ఖాఫీఖాన్ లాంటివాడు దాచగలిగేవాడు కాదని మా అభిప్రాయం. గోల్కొండ ఎక్కకపోయినా పాపన్న చిన్నవాడు కాడు. ఆయన సాటి కులాల వాళ్ళు అన్ని ఏళ్ళు ఆ పాటను నోట నిలుపుకున్నారంటే గోల్కొండ గద్దె కోసం కాదు గదా.

ఖిలాషాపూర్ కోట మాత్రం కష్టంలో ఉంది. 2021 జూలైలో కురిసిన వానలకు గోడ కొంత భాగం కూలిపోయింది. పేల్చేసిన కోటను మళ్ళీ కట్టిన మనిషి కోటను ఇప్పుడు మామూలు వాన కూలుస్తోంది. చూడాలనుకునేవాళ్ళు రఘునాథపల్లిలో దిగి పోవచ్చు. అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు కాబట్టి ముందే కనుక్కోండి, లేదా జనగామలో దిగండి. పగటి పూట వెళ్ళండి. వానాకాలంలో బురుజుల కిందికి పోవద్దు.